తాడు వదిలిన మనిషి

మా చర్చిలో సండేస్కూలు గది గోడకి ఒక పాత మ్యాపు ఉంది. యేసు గురించి చెబుతూ పౌలు తిరిగిన మొదటి ప్రయాణం ఎర్రగీత, రెండోది నీలిగీత, మూడోది ఆకుపచ్చ గీత. ఇరవై ఏళ్లుగా ఆ గీతల మీద కర్ర పెట్టి పిల్లలకి ఊళ్ల పేర్లు చెబుతున్నవాణ్ణి నేనే. అంతియొకయ, కుప్ర, పెర్గే అని కళ్లు మూసుకుని చెప్పగలను. అయితే మ్యాపులో గీతకి చెమట పట్టదు, చెప్పు తెగదు, ఆకలి వేయదు. ఆ సంగతి మొన్న ఫిబ్రవరిలో నాలుగు రోజులు తిరిగొచ్చాక బాగా తెలిసింది. రానివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లినవాళ్లం ఎలాగూ ఇద్దరమే.

కంచరపాలెం

నా పేరు సామ్యేలు. ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌ని. అక్కడ నా మాటకి తిరుగుండదు. ఆ అలవాటు చర్చికి కూడా తెచ్చుకున్నానని మా ఆవిడ మార్తమ్మ అంటుంది. సంఘపెద్దని కాబట్టి కొంత ఉండాలి అని నేనంటాను. ఈసారి ఈస్టరు ముందు మూడు ఆదివారాలు తొలి సంఘం ప్రయాణాల నుంచి మనకి పాఠాలేమిటో చెప్పమని పాస్టరుగారు నాకు అప్పగించారు. ఉత్తినే చెబితే ఏం బాగుంటుంది, వాళ్లలాగే కాస్త తిరిగొచ్చి చెబుదామనుకున్నాను. పాఠాలు మాత్రం నోటుబుక్కులో ముందే రాసేసుకున్నాను. తిరగకముందే పాఠాలేమిటని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఇద్దరిద్దరుగా వెళ్లాలి. మాట్లాడే ముందు ఊరు చూడాలి. పెట్టింది తినాలి. ఇవి మొదటి మూడూ. నాలుగో పాఠం కింద రెండు గీతలు గీశాను: మధ్యలో వదిలి వెళ్లినవాణ్ణి మళ్లీ వెంట తీసుకెళ్లకూడదు.

తెలియనివాళ్ల కోసం ఆ కథ చెబుతాను. పౌలు, బర్నబా మొదటి ప్రయాణంలో మార్కు అనే అతన్ని వెంటబెట్టుకెళ్లారు. అతను మధ్యలోనే వాళ్లని వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. రెండోసారి బయలుదేరేటప్పుడు మార్కుని మళ్లీ తీసుకెళదామని బర్నబా అన్నాడు. మార్కు అతనికి దగ్గరి చుట్టం. పౌలు ససేమిరా అన్నాడు. మాటా మాటా పెరిగి, అంతటి స్నేహితులూ చెరో దారి పట్టారు.

మా మార్కు పేరు ప్రకాశం. ముప్పై దాటిన మనిషి, దువ్వాడ స్టేషను దగ్గర సైకిలు షాపు. మా చర్చిలో డోలక్ అతనిదే. రెండేళ్ల కిందట పద్మనాభం వైపు ఊళ్లకి ముగ్గురం వెళ్లాం: నేను, ప్రకాశం, మా ఆవిడ అన్న ఆనందరావు. రెండో రోజు పొద్దున్న లేచి చూసేసరికి ప్రకాశం లేడు. డోలక్ అరుగు మీద వదిలేసి, మాతో మాటైనా చెప్పకుండా తొలి బస్సు ఎక్కేశాడు. తిరిగొచ్చాక సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. నాగలి మీద చెయ్యివేసి వెనక్కి చూసినవాడు దేవుడికి పనికిరాడన్న బైబిలు మాట కూడా అన్నాను. అప్పట్నుంచి అతను చర్చికి రాలేదు. రాకపోవడం కూడా నా మాటకి సాక్ష్యమే అనుకున్నాను.

ఆనందరావు పోర్టులో క్రేను నడుపుతాడు. రోజంతా పైన ఒక్కడే కూర్చునే పని, అందుకేనేమో మాట తక్కువ. ప్రకాశం అతని పిన్ని కొడుకు. ఈసారి ప్రయాణానికి ప్రకాశాన్ని కూడా పిలుద్దామన్నాడు. నేను నోటుబుక్కు తెరిచి నాలుగో పాఠం చూపించాను. అతను చదివి, పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

“సూడు బావా. ఈ నాలుగోది అందరి ముందర సెప్పేముందు, ఆకర్రోజున దువ్వాడెల్లి ఆడి మొకం మీద సెప్పు. అలగైతేనే నాను నీతోటి వొత్తాను. సెప్పీసినాక మరి నీకూ నాకూ కలిసి ప్రయాణాలు నేవు.”

పాతికేళ్ల కిందట నన్ను చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకొచ్చినవాడు ఆనందరావే. అలాంటివాడు అంత మాట అన్నాడు. అయినా సరేనన్నాను. నిజం చెప్పడానికి నాకేం భయం, ప్రకాశం మొహం మీదే చెబుతాననుకున్నాను.

ఋషికొండ నుంచి నడక

ఋషికొండ దాకా సిటీ బస్సు, అక్కణ్ణుంచి భీమిలి దాకా నడక. పౌలు నడిచినదానిలో ఇది పిసరంత అని తెలుసు. ఆయన మధ్యమధ్యలో ఓడ కూడా ఎక్కాడు, మాకు ఆ వీలు లేదు. డోలక్ నేనే మోశాను. ప్రకాశం వెళ్లాక అది చర్చి బీరువాలో పడి ఉంది. పాటకి తాళం ఉండాలి కదా, వాయించడం అంత పెద్ద విద్యా అనుకుని తెచ్చాను.

మైలు నడిచామో లేదో నా ఎడమకాలి చెప్పుకి బొటనవేలు దూర్చే ఉంగటం తెగింది. ఆనందరావు జేబులోంచి పిన్నీసు తీసిచ్చాడు. మిల్లులో వందమందికి సేఫ్టీ బూట్ల గురించి చెప్పే మనిషిని, పాత చెప్పులతో బయలుదేరాను. దారిలో తాటాకు పాకలో టీ తాగాం, రూపాయిన్నరకి పెద్ద గ్లాసు. మా కంచరపాలెంలో అదే డబ్బుకి గుక్కెడు పోస్తారు. టీకొట్టాయన డోలక్ చూసి ఏ ఊరి పెళ్లికని అడిగాడు. పెళ్లి కాదు, పాటలు పాడతామని చెప్పి, అడగకుండానే ఒక పాట అందుకుని వాయించాను. బల్ల కింద పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి అవతలికి వెళ్లి పడుకుంది. టీకొట్టాయన మర్యాదస్తుడు, నవ్వు ఆపుకున్నాడు. ఆనందరావు ఆపుకోలేదు.

పొద్దు వాలే వేళకి భీమిలి చేరాం. మాకు తెలిసిన రిటైర్డు టీచరమ్మ ఒకావిడ ఇంట్లో అన్నం పెట్టి పడుకోవడానికి చోటిచ్చింది. కాళ్లకి కొబ్బరినూనె కూడా ఇచ్చింది.

భీమిలి దగ్గర జాలరిపేట

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ చెప్పిన జాలరిపేటకి వెళ్లాం. మేం వెళ్లేసరికి ఒడ్డున ఊరంతా ఉంది. అలివి వల లాగుతున్నారు. ఆ వల చూడనివాళ్లకి చెబుతాను: సముద్రంలో దూరంగా అర్ధచంద్రంలా పెద్ద వల దింపి, దాని రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెచ్చి, రెండు జట్లుగా నిలబడి గంటల తరబడి లాగుతారు. ఆడా మగా ముసలీ ముతకా అందరూ ఉంటారు.

ఇంతమంది ఒక్కచోట దొరికారే అని నాకు ఉత్సాహం వచ్చింది. ఒడ్డుకి లాగిపెట్టిన తెప్ప కనబడితే, ఎత్తుగా ఉంది కదా అని దానిమీదెక్కి నిలబడి గొంతు సవరించుకున్నాను. ఒకామె తాడు దగ్గర్నుంచే కేక పెట్టింది.

“దిగండి బాబూ, దిగండి. సెప్పులతోటి తెప్పెక్కుతారేటి?”

తలలన్నీ నావైపు తిరిగాయి. తెప్ప ముందు కొసకి పసుపూ కుంకుమా బొట్లు ఉన్నాయి. నేను చూడనేలేదు. వాళ్లకి అన్నం పెట్టేది అదే, దాన్ని తల్లిలా చూసుకుంటారు. దాని మీద పిన్నీసు పెట్టిన చెప్పుతో నిలబడ్డాను. పౌలు ఏథెన్సులో నోరు విప్పేముందు వీధులన్నీ తిరిగి వాళ్లు దేనికి మొక్కుతున్నారో చూశాడని నా నోటుబుక్కులో రెండో పాఠంగా రాసి ఉంది. పుస్తకం సంచిలోనే ఉంది, నేనే తెప్ప మీద ఉన్నాను.

దిగి, చెప్పులు విప్పి, తప్పయిందని దండం పెట్టాను. ఆ వలకి పెద్దగా ఉన్న పోలయ్య అనే ఆయన, అరవై ఏళ్లు ఉంటాయి, ఫర్వాలేదు లెమ్మని చెయ్యి ఊపాడు. ఊరికే నిలబడడం సిగ్గనిపించి నేనూ వెళ్లి తాడు పట్టుకున్నాను. ఆనందరావు రెండో జట్టులోకి వెళ్లాడు.

తాడు భుజాన వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఇసకలో కాళ్లు తన్నిపెట్టి లాగాను. నా ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. కాసేపటికి అందరికంటే ముందున్నవాడు తాడు వదిలేసి, చేతులు దులుపుకుంటూ నా పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయాడు. మరికాసేపటికి ఇంకొకడు. తర్వాత ఒకామె. నా రక్తం మరిగింది. మిల్లులో అయితే వాళ్ల పేర్లు రాసేసుకునేవాణ్ణి. అలా మధ్యలో వదిలేస్తారేమిటి, ఇంకా వల రాలేదు కదా అని గట్టిగా అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. సరే, వీళ్లకి లేకపోతే నాకైనా పట్టుదల ఉండాలి కదా అని ఇంకా బలంగా లాగాను. ఒక్కొక్కరే తప్పుకుని చివరికి అందరికంటే ముందు నేనే మిగిలాను. నా ఎదురుగా ఒక ముసలాయన కూర్చుని, వచ్చిన తాడుని వచ్చినట్టు చుట్టలు చుడుతున్నాడు. ఆయన ఏదో అంటున్నాడు. నేను వినిపించుకోలేదు. వదిలేది లేదని పళ్లు బిగించి మరో రెండడుగులు వేసి, తాడు చుట్ట కాళ్లకి తగులుకుని, ఆ చుట్ట మీదే బొక్కబోర్లా పడ్డాను. గంట నుంచి ముసలాయన చుట్టినదంతా చిక్కుపడిపోయింది.

ఒడ్డంతా నవ్వింది. రెండు జట్లూ లాగడం ఆపి మరీ నవ్వాయి. పోలయ్య వచ్చి నన్ను లేపి, ఇసక దులిపి, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“ఒగ్గీయాల బాబూ. ఇక్కడిదాకా వొచ్చినోడు ఒగ్గీసి, మళ్లీ నీటికాడికెల్లి ముందర పట్టుకోవాల. ఒగ్గకపోతే తాడు పైకి రాదు.”

అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి సముద్రం వైపు చూశాను. నేను తిట్టుకున్నవాళ్లంతా అక్కడ ఉన్నారు. తాడు వదిలి నా వెనక్కి పోయిన మొదటివాడు నడుంలోతు నీళ్లలో, అందరికంటే సముద్రానికి దగ్గరగా, కెరటం మొహాన కొడుతుంటే లాగుతున్నాడు. వీపు పెట్టి నిలబడ్డాను కాబట్టి వాళ్లు వెళ్లడమే చూశాను, మళ్లీ పట్టుకోవడం చూడలేదు.

ఆనందరావు అవతలి జట్టులోంచి నావైపు చూశాడు. ఆ చూపు అర్థమై నాకు ఒళ్లు మండింది. తాడు వదిలి నీళ్ల దగ్గరికి వెళ్లేవాడు వేరు, ఇంటికి పోయేవాడు వేరు. ఆ తేడా అతనికి వినబడేలా తేల్చేద్దామని పోలయ్యనే అడిగాను. నీళ్ల దగ్గరికి వెళ్లకుండా నేరుగా ఇంటికి వెళ్లిపోయినవాణ్ణి ఏం చేస్తారని.

పోలయ్యకి ఈ ప్రశ్న వింతగా తోచింది. “ఇంటికెల్లిపోతే ఎవులో ఒకలు ఎల్లి పిలుసుకొత్తారు. వల బరువు బాబూ. ఎందుకెల్లిపోనాడని కూకుని వాదించుకుంటే ఈలోపల సేపలు పోవా?”

నీళ్ల దగ్గరికి వెళ్లి తాడు పట్టుకున్నాను.

వల వచ్చింది. ఎక్కువ నెత్తళ్లనే చిన్న చేపలే, వెండిలా మెరుస్తూ ఎగురుతున్నాయి. తాడు పట్టిన ప్రతివాళ్లకీ దోసెడు చేపలు పెట్టడం అక్కడి రివాజు. పడిపోయిన నాకూ పెట్టారు. పోలయ్య భార్య ఆ చేపలే తీసుకుని పులుసు పెట్టింది. గోడ మీద వాళ్ల అమ్మవారి పటం ముందు దీపం వెలుగుతోంది. ఆవిడ మేం తింటామో తినమోనని గుమ్మం దగ్గర తటపటాయించింది. పెట్టింది తినాలని మూడో పాఠం ఉంది కాబట్టి నేను ముందే పీట వేసుకుని కూర్చున్నాను. మా ఇంట్లో చేపల పులుసు మర్నాటికి బాగుంటుందని దాచుకుంటాం. ఆ పులుసు రుచి చూశాక మర్నాటి దాకా ఎవరు ఆగుతారనిపించింది.

తిన్నాక వాళ్లే పాట పాడమన్నారు. డోలక్ తీయబోతే పోలయ్య భార్య ఆ డబ్బా వద్దు, ఉత్తినే పాడండి బాబూ అంది. పాడాం. తర్వాత నేను చెప్పదలచుకున్న మాటలు పది నిమిషాలు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మంచిమాటలే, మా గంగమ్మతల్లి మాకుంది అన్నాడు పోలయ్య. మళ్లీ ఇటు వచ్చినప్పుడు తప్పకుండా తమ ఇంటికి రమ్మన్నాడు. నేను వాళ్లకి ఇచ్చినదాని కంటే వాళ్లు నాకు ఇచ్చిందే ఎక్కువ. ఇది చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

పద్మనాభం

మూడో రోజు భీమిలి నుంచి బస్సులో పద్మనాభం వెళ్లాం. మాకు ఎదురొచ్చే బస్సులన్నీ కిటకిటలాడుతున్నాయి, క్యారేజీలు పట్టుకుని పట్నం పనులకి పోయేవాళ్లతో. వరి కోసేసిన మళ్లలో మినుము చేలు పచ్చగా ఉన్నాయి. అక్కడికి ఎందుకు వెళ్లానంటే, పౌలు కూడా వెళ్లిన ఊళ్లకి మళ్లీ వెళ్లి ఎలా ఉన్నారో చూసి వచ్చేవాడు. రెండేళ్ల కిందట మేం బస చేసింది అక్కడికి దగ్గరి పల్లెలో సింహాచలం అనే రైతు అరుగు మీద. ఎకరన్నర పొలం చేసుకుంటూ, రోజూ పట్నం వచ్చి సెంట్రింగ్ పని చేస్తాడు. మేం వెళ్లేసరికి అతను పనికి వెళ్లిపోయాడు. భార్య అప్పలనర్సమ్మ మినుములు చెరుగుతోంది. మమ్మల్ని గుర్తుపట్టి చాప వేసింది. రాగులతో కాచిన చోడంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెచ్చి పెట్టింది. ఇంట్లో మార్తమ్మ అంబలి కాస్తే నేను ముట్టను. అక్కడ రెండు గిన్నెలు తాగాను.

డోలక్ చూసి ఆమె అడిగింది. “ఆ డోలక్కు బాబు రానేదేటి?”

మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు కదమ్మా, అలాంటివాణ్ణి మళ్లీ తీసుకురాలేదు అన్నాను. ఆమె చేట కింద పెట్టింది.

“ఎల్లిపోకేటి సేత్తాడు బాబూ? మీరు అలగ అన్నాక?”

నేనేమన్నానో నాకు గుర్తులేదు. గుర్తులేదనే చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, నేను అబద్ధమాడటం లేదని తెలుసుకుని, మెల్లిగా చెప్పుకొచ్చింది. ఆ రోజు సాయంత్రం ఈ అరుగు ముందు ఊరి ఆడవాళ్లు పదిమంది కూర్చున్నారు. ప్రకాశం సాక్ష్యం, అంటే తనకి దేవుడు చేసిన మేలు, చెప్పడానికి నిలబడ్డాడు. జ్వరంతో పోయిన తన చంటిబిడ్డ గురించి మొదలుపెట్టాడు. బిడ్డని ఆస్పత్రి నుంచి చేతుల మీద తెచ్చుకున్న సంగతి చెప్పాడు. “ఆ తర్వాత నేను మళ్లీ మామూలు మనిషినెలా అయ్యానంటే...” అని ఆగిపోయాడు. రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాడు.

“అప్పుడు మీరు లేచి, ఇది ఏడిసే సోటు కాదు, నీకు సేతకాదు, కూకుని డోలక్కు వాయించు అన్నారు. అందరి ముందర. ఆ బాబు కూకున్నాడు. తెల్లారగట్ల నాను నీల్లకి లేసినప్పుడు డోలక్కు అరుగు మీద ఎట్టి, ఇది సామ్యేలు బావకిచ్చీయప్పా, నావల్ల కాదు అని ఎల్లిపోనాడు.”

ఆమె చెబుతుంటే నాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం చీకటి పడకముందే ముగించాలని నా తొందర. నేను చెప్పాల్సిన వాక్యం, అదే నా ప్రసంగం, ఇంకా అరగంట ఉంది. ప్రకాశం ఆగిపోవడం నాకు మిల్లులో బెల్టు ఆగిపోయినట్టు అనిపించింది. అన్నాను. నిజంగానే ఆ మాటలే అన్నాను. అని, మర్చిపోయాను. అతను వెళ్లిపోవడం మాత్రం రెండేళ్లు గుర్తుపెట్టుకున్నాను.

అప్పలనర్సమ్మ చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది కానీ చెరగలేదు. “మీరు సెప్పిన వాక్యం నాకు ఒక్క ముక్కయినా గురుతు నేదు బాబూ, ఏటీ అనుకోకండి. ఆ బాబు సెప్పబోయి ఆగిపోనాడు సూడండి, అది గురుతుంది. నాకూ ఒక పాప పోనాది. మళ్లీ మామూలు మనిసెలగ అవుతారో ఇందామని కూకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, తరవాతేటి సెప్పీవోడో అని.”

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చే చోటు కాదని నేనే అన్న అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఆనందరావు పక్కన కూర్చున్నాడు, ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది.

ఆ సాయంత్రం మినుము చేను గట్టు మీద కూర్చుని నోటుబుక్కు తీశాను. మార్కు వెనక్కి వెళ్లాడని రాసి ఉంది. ఎందుకు వెళ్లాడో బైబిల్లో కూడా ఎక్కడా రాసి లేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి భయపడి పారిపోయాడని నేనే చెబుతున్నాను. ఆ భయం నేను కలిపింది. అదే పౌలు ముసలితనంలో జైల్లో ఉండి, మార్కుని వెంటబెట్టుకు రండి, అతను నాకు పనికొస్తాడని కబురు పెట్టాడు. ఇది నాకు తెలియనిది కాదు, క్విజ్ పోటీలో పిల్లల్ని అడిగే ప్రశ్నే. అసలు విశ్వాసుల్ని హింసించిన పౌలు కొత్తగా మారినప్పుడు అందరూ జంకుతుంటే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది బర్నబా. పాతికేళ్ల కిందట నేను తాగి చర్చి మెట్ల మీద పడి ఉంటే, వద్దన్నవాళ్లందరినీ కాదని లోపలికి తీసుకెళ్లింది ఆనందరావు. ఆ అరుగు మీద జరిగిందంతా చూసిన అతను ప్రకాశం వైపు మాట్లాడితే, తన చుట్టం కాబట్టి మాట్లాడుతున్నాడని రెండేళ్లు ఎత్తిపొడిచాను. నన్ను చర్చిలోకి తీసుకెళ్లిన రోజు నేను అతనికి ఇంకా ఏ చుట్టాన్నీ కాదు.

నాలుగో పాఠం ఉన్న పేజీ చింపేయబోయాను. ఆనందరావు ఆపాడు. “ఉంచు బావా. కొట్టీసి ఉంచు. ఎలగ రాసినావో, ఎలగ కొట్టీసినావో రెండూ కనబడాల” అన్నాడు.

దువ్వాడ

నాలుగో రోజు పద్మనాభం నుంచి పట్నం బస్సు, అక్కణ్ణుంచి దువ్వాడకి పాసింజరు రైలు. రైలు మా కంచరపాలెం మీదుగానే పోతుంది. కిటికీలోంచి మా వీధి, గేటు దగ్గర కూరగాయల బండి కనిపించాయి. మొహం చాటేసి ఇంటికి పోవాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. రోజూ ఇదే దారిలో డ్యూటీకి వెళ్తాను, ఆ స్టేషను దాకా అంత దూరం ఎప్పుడూ అనిపించలేదు. ఏమనాలో నాలుగు రకాలుగా మనసులో కూర్చుకున్నాను.

ప్రకాశం షాపు స్టేషను బయట, కాలేజీకి పోయే దారిలో. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి పంచరు వెతుకుతున్నాడు. కాస్త చిక్కాడు. మమ్మల్ని చూసి లేచి, చేతులు తుడుచుకుని, రండి బావా అని రెండు స్టూళ్లు లాగాడు. రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. టీ తెమ్మని పక్క కొట్టుకి కేకేశాడు. కూర్చుకున్న నాలుగు రకాల మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“ప్రకాశం, పద్మనాభంలో నిన్ను అందరి ముందర నాను అనరాని మాటన్నాను. నువ్వు పారిపోనావని రెండేళ్లు సెప్పుకు తిరిగినాను. నువ్వు పారిపోనేదు, నానే ఎల్లగొట్టినాను. తప్పు నాది.”

అతను ట్యూబు మళ్లీ నీళ్లలో ముంచాడు. బుడగలు వచ్చినచోట వేలు పెట్టాడు. తర్వాత అతని చూపు ఆనందరావు ఒళ్లో ఉన్న డోలక్ మీద పడింది. ట్యూబు వదిలి, డోలక్ తీసుకుని, వేలితో ఒకసారి కొట్టి చూశాడు.

“ఎవులు వాయించినారిది? తాళ్లన్నీ వొదులైపోనాయి” అన్నాడు. నేనే వాయించానని చెప్పాను. కుక్క సంగతి ఆనందరావు చెప్పాడు. ప్రకాశం మొహంలో నవ్వు వచ్చీ రానట్టు కనిపించింది. డోలక్‌ని మోకాళ్ల మధ్య పెట్టుకుని తాళ్లు ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టాడు.

అప్పుడు అప్పలనర్సమ్మ సంగతి చెప్పాను. ఆమెకి నా వాక్యం ఒక్క ముక్క గుర్తులేదనీ, అతను ఆగిపోయిన చోటు గుర్తుందనీ, ఆమెకీ ఒక పాప పోయిందనీ, ఆ తర్వాత మాట కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తోందనీ చెప్పాను. అతని చేతులు ఆగిపోయాయి.

“మళ్లీ ఆగిపోతే, బావా?”

“ఆగిపో. నీ పక్కన నిలబడతాను. నువ్వు సెప్పేదాకా ఉంటాను.”

అతను ఆఖరి తాడు బిగించి, పద్మనాభం తొలి బస్సు ఎన్నింటికని ఆనందరావుని అడిగాడు.

పాస్టరుగారికి నా పాఠాలు ఒక వారం ఆలస్యమవుతాయని చెప్పాను. ఆ ఆదివారం ముగ్గురం సింహాచలం ఇంటి అరుగు మీద ఉన్నాం. డోలక్ దారంతా నేనే మోశాను, అక్కడికి చేరాక ప్రకాశానికి ఇచ్చేశాను. పాట అయ్యాక అతను నిలబడ్డాడు, నేనూ పక్కన నిలబడ్డాను. తన బిడ్డ సంగతి మొదటినుంచీ, అప్పుడు ఆగిన చోటు దాటి, చివరిదాకా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. అప్పలనర్సమ్మ చేట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఎవరూ కదలలేదు, నేను కూడా.